మూత లేని గిన్నె

నాకు కోపం ఎక్కువని మా వరండాలో అందరూ అంటారు. అననీ, నాకేం. అరవై ఆరేళ్ళు వచ్చాక ఇంకెవరి మెప్పు కోసం నోరు కట్టుకోవాలి? కానీ మా ఎదురింటి మేస్త్రీ అన్నం తినే విషయంలో నాకు వచ్చిన కోపం ఉందే, అది ఇప్పటికీ చల్లారలేదు. ఒక మనిషి తన ఇంట్లో, తన బల్ల దగ్గర, తన చేత్తో ఒక పూట అన్నం తినడానికి ఇంతమందితో పోరాడాలా? ఎవరైనా జవాబు చెప్పండి, వింటాను.

మేస్త్రీ అంటే పైపుల మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల కొళాయిలన్నీ అతని చేతి మీదుగా వెళ్ళినవే. వరండాలో నడుస్తూ నడుస్తూ ఆగి, "మామ్మా, మీ వంటింట్లో చుక్క పడుతోంది" అనేవాడు. ఈ వరండాలో పెద్దా చిన్నా అందరికీ నేను మామ్మనే. వెళ్ళి చూస్తే నిజంగానే పడుతుండేది. వదులుగా ఉన్నదేదీ అతనికి గిట్టదు. మా ఇంట్లో టీ తాగి, పోతూ పోతూ పంచదార సీసా మూత బిగించి పోయేవాడు. మర్నాడు అది తీసే సత్తువ నా చేతుల్లో ఎక్కడిది? సీసా పట్టుకుని మళ్ళీ వాళ్ళ గుమ్మం ముందే నిలబడేదాన్ని. "ఇది పంచదార సీసా అయ్యా, నీళ్ళ ట్యాంకు కాదు" అని తిడితే పళ్ళన్నీ కనిపించేలా నవ్వేవాడు.

భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, రోజూ వందలకొద్దీ. "ఇస్త్రీ పెళ్ళాం, మేస్త్రీ మొగుడు" అని కింద కిరాణా కొట్టాయన వేళాకోళం చేసేవాడు. పిల్లల్లేరు. ఇద్దరూ పొద్దున్న ఏడింటికి పనికి పోయి, సాయంత్రం అయిదింటికి వచ్చి, ఏదో ఒకటి వండుకుని, టీవీ ముందు కూర్చుని తినేవాళ్ళు. ఎవరి జోలికీ పోయేవాళ్ళు కాదు.

పోయిన ఏడు ఒక పొద్దున్న ఎవరింట్లోనో సింకు కింద పడుకుని పైపు బిగిస్తూ బిగిస్తూ మేస్త్రీ ఇక లేవలేకపోయాడు. పక్షవాతం. పందొమ్మిది రోజుల తర్వాత ఇంటికి తెచ్చారు. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడుస్తాడు. మాట కూడదీసుకుని చెప్పడానికి చాలాసేపు పడుతుంది. బుర్ర మాత్రం భేషుగ్గా ఉంది. ఈ ఒక్క సంగతి జనానికి ఎందుకు ఎక్కదో నాకు తెలీదు. మాట రానివాడికి చెవులు కూడా ఉండవనుకుంటారు కాబోలు. అతను ఎదురుగా కూర్చుని ఉండగానే, "తింటున్నాడా? నిద్ర పడుతోందా?" అని పక్కవాళ్ళని అడుగుతారు. ఒళ్ళు మండిపోతుంది.

వారానికొకసారి ఒక ఫిజియో అమ్మాయి వచ్చి కాళ్ళూ చేతులూ ఆడించి వెళ్ళేది. ఆ అమ్మాయి మొదటి రోజే తేల్చి చెప్పింది. "రబ్బరు బంతి నొక్కడం కాదండీ, అన్నం తినడమే ఈయనకి అసలు వ్యాయామం. తెరవడం, వేడి చేసుకోవడం, చెంచా ఎత్తడం, అన్నీ ఎడమచేత్తో ఈయనే చెయ్యాలి. మీరు జాలిపడి చేసిపెట్టారంటే, ఉన్న చెయ్యి కూడా పని మానేస్తుంది."

మేస్త్రీకీ అదే కావలసింది. ఆసుపత్రిలోనే ఎవరైనా నోటికి చెంచా అందిస్తే మొహం పక్కకి తిప్పుకునేవాడట. పొద్దున్నా రాత్రీ పెళ్ళాం ఇంట్లో ఉంటుంది, పక్కన కూర్చుంటుంది, ఏదో నడుస్తుంది. మధ్యాహ్నం సంగతేమిటి? ఆమె పని మానేస్తే అద్దె ఎవరు కడతారు? అందుకని సెలవు రోజైన సోమవారం నాడు వారానికి సరిపడా వండేది. అన్నం, పప్పు, కోడికూర, బఠాణీలు. వెడల్పాటి పళ్ళేల్లో పరిచి, ఫ్యాను కింద త్వరత్వరగా చల్లార్చి, డబ్బాల్లోకి ఎత్తి ఫ్రీజర్‌లో పెట్టేది. మధ్యాహ్నం మేస్త్రీ ఒక డబ్బా తీసి, మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడి చేసుకుని తినాలి. చెప్పుకోవడానికి ఎంత సుళువుగా ఉందో చూశారా?

డబ్బాల దగ్గరే చిక్కంతా వచ్చింది. పేవ్‌మెంటు మీద కొన్న చవక డబ్బాలు వారం తిరక్కుండానే ఫ్రీజర్‌లో పెళుసెక్కి అంచులు పగిలిపోయాయి. ఐస్‌క్రీము డబ్బాలు కడిగి వాడితే చలికి బాగానే తట్టుకున్నాయి గానీ, ఓవెన్‌లో ఒకటి పెట్టేసరికి మూలకి ఒరిగిపోయి, అన్నమంతా ప్లాస్టిక్ వాసన కొట్టింది. ఇక లాభం లేదని ఆమె, నేను కలిసి పెద్ద సామాన్ల దుకాణానికి వెళ్ళాం. ఆ సేల్స్‌మన్‌ని నేను ఈ జన్మలో మర్చిపోను.

"ఫ్రీజర్‌లోనూ ఓవెన్‌లోనూ పెట్టుకునేవి కావాలండీ. ఒక చేత్తో తియ్యగలగాలి. మరీ ఖరీదైనవి వద్దు" అంది ఆమె.

"ఇది చూడండి మేడమ్. నాలుగు వైపులా లాకులు. తలకిందులు చేసినా చుక్క కారదు."

"ఒక చేత్తో ఎలా తియ్యాలి బాబూ?" అన్నాను.

"రెండో చేత్తో గట్టిగా పట్టుకుని తియ్యాలి మేడమ్."

ఒక చెయ్యి పనిచెయ్యని మనిషి కోసమయ్యా అని విడమరిచి చెప్పాం. అతగాడు ఒక్క క్షణం ఆలోచించి, "ఇంట్లో ఇంకెవరైనా తీసిపెడతారు కదా మేడమ్" అన్నాడు. పైగా ఆ డబ్బాలు విడిగా అమ్మరట. పన్నెండు కలిపి కొనాలట. ధర చూస్తే ఆమె సగం నెల జీతం. అంటే ఒక చెయ్యి మాత్రమే ఉన్నవాడు, సగం జీతం పెట్టలేనివాడు ఈ లోకంలో మధ్యాహ్నం అన్నం తినడని ఆ డబ్బాలు చేసినవాళ్ళు ముందే తీర్మానించేశారన్నమాట. నేను ఆ దుకాణంలో నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

చివరికి హోటళ్ళలో కూర కట్టిచ్చే రకం డబ్బాలు, కాస్త మందంగా, వేడికి తట్టుకునేవి, ఒక టోకు కొట్లో దొరికాయి. మూత ఊరికే పైన నొక్కితే చాలు. ఓవెన్‌లో ఆవిరి పోవడానికి ఒక మూల తెరిచి ఉంచాలి. ఆమె ప్రతి మూతకీ ఆ మూలన ఎర్ర టేపు అంటించి, "ఏమయ్యా, ఈ మూల ముట్టుకోకు. తెరిచే ఉండాలి" అని పదిసార్లు చెప్పింది. మేస్త్రీ తలాడించాడు.

ఇక్కడే జరిగింది, ఒక్క పైపుల మేస్త్రీ మాత్రమే చేసే తప్పు. మూల తెరిచి ఉన్న మూత కంటపడితే ఆ ఎడమచెయ్యి ఊరుకోదు. ముప్పై ఏళ్ళు చుక్క కారకుండా బిగించిన మనిషి. అరచేత్తో నాలుగు మూలలూ టకటకా నొక్కేసి మరీ ఓవెన్‌లో పెట్టేవాడు. వద్దని బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. మొదటి వారం ఎలాగో గడిచింది. రెండో వారం బయటికి తీసి మూత ఎత్తబోతే, లోపల పట్టేసిన ఆవిరి ఒక్కసారిగా తన్నింది. మరిగే పప్పు మణికట్టు మీద పడింది. ఎర్రగా కమిలిన చెయ్యి చాపుకుని నా గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డాడు. నా ప్రాణం ఉసూరుమంది. పావుగంట సేపు కొళాయి నీళ్ళ కింద ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

ఆ బొబ్బ చూసి రంగంలోకి దిగింది మహాతల్లి. మేస్త్రీకి అక్క. అమ్మ పోయాక చిన్నప్పటి నుంచీ పెంచింది తనే, కాదనను. రెండు బస్‌స్టాపుల అవతల ఉంటుంది. మర్నాడు పదకొండున్నరకల్లా నాలుగు గిన్నెల కారియర్‌తో దిగింది. అది మొదలు, వాళ్ళావిడ పనికి పోయిన ప్రతి రోజూ పదకొండున్నరకల్లా వరండాలో కారియర్ చప్పుడే.

"మంచుగడ్డలు పెడుతోంది మామ్మగారూ నా తమ్ముడికి. ఎప్పుడో వండి దాచింది! అది తినబోయి చెయ్యి కాల్చుకున్నాడు. ఇది కాపురమా?" అని వరండాలో వినిపించేలా అనేది.

పెట్టనీ, తప్పులేదు. వేడి వేడి అన్నం ఎవరికి చేదు? కానీ ఆవిడ పెట్టి ఊరుకునేది కాదు. మేస్త్రీ మెడకి తువ్వాలు కట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని, చెంచాతో నోట్లో పెట్టేది. "ఆఁ అను నాయనా. ఆఁ." ఆఁ అనడానికి అతనేం పసివాడా? యాభై మూడేళ్ళు! మొదట్లో మొహం తిప్పేసుకునేవాడు. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. ఆ కన్నీళ్ళు చూడలేక నోరు తెరిచేవాడు. మా కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే వాళ్ళ గుమ్మం సూటిగా కనిపిస్తుంది. రోజూ ఆ ఆఁలు వింటూ కుడుతుంటే సూది నా వేలికే దిగేది.

ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి అడిగేశాను. "అతన్ని తిననివ్వమ్మా. చెయ్యి ఉంది కదా."

"అరగంట పడుతుంది మామ్మగారూ. సగం బట్టల మీదే పోతుంది. నేను చూడలేను."

"చూడలేకపోతే గోడ వైపు తిరిగి కూర్చో."

"పెంచినదాన్ని. నా బాధ మీకేం తెలుస్తుంది?" అంది. బాధ ఆవిడదట! అక్కడ నోట్లో చెంచాతో కూర్చున్నవాడిది ఏమిటో మరి.

అయిదు వారాలు గడిచాయి. ఫిజియో అమ్మాయి ఎప్పటిలాగే చేతిపట్టు కొలిచే స్ప్రింగు మేస్త్రీ ఎడమచేతికి ఇచ్చింది. నొక్కాడు. ఆ అమ్మాయి ముల్లు వంక చూసి, మళ్ళీ నొక్కమంది. పట్టు పెరగాల్సింది పోయి తగ్గింది. "మధ్యాహ్నం ఎవరు తినిపిస్తున్నారు?" అని అడిగింది.

ఆ సాయంత్రమే వాళ్ళావిడ, పాపం ఎంత గౌరవంగా అడిగిందో నేను విన్నాను. "వదినా, మీరు తెచ్చింది బల్ల మీద పెట్టండి చాలు. ఆయనే తింటారు. మీకు దణ్ణం పెడతాను."

"నా తమ్ముడికి అన్నం పెట్టొద్దని చెప్పడానికి నువ్వెవరమ్మా? నెలాఖరుకల్లా పని మానేసి ఇంట్లో ఉండి చూసుకో. లేదంటే నేను తీసుకుపోతాను. వెనక గది ఖాళీ చేయించాను. మంచం కూడా వేశాను."

ఇంత మాటా మేస్త్రీ ముందే. అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఉంటావా, వస్తావా, నీకేం కావాలి అని అడిగినవాళ్ళు లేరు. అతను నోరు తెరిచాడు. పెదవులు వణికాయి. ఏదో మాట కూడదీసుకుంటున్నాడు. "దాహమా నాయనా?" అంటూ ఆవిడ గ్లాసు తెచ్చి నోటికి ఆనించింది. నాకు ఆ గ్లాసు లాక్కుని కిటికీలోంచి గిరాటు వెయ్యాలనిపించింది. అతని కళ్ళు చూస్తే అతనికీ అదే అనిపించిందని చెప్పగలను.

నెలాఖరుకి ఇంకా పదహారు రోజులుంది. ఆ సోమవారం ఆమె వంట చేస్తూ చేస్తూ గరిట పక్కన పెట్టి, నన్ను పిలిచింది.

"మామ్మా, మూత ఉంటే బిగిస్తాడు. అసలు మూతే లేకపోతే?"

ఇంత చిన్న మాట. నాకు తట్టలేదు. ఆ సేల్స్‌మన్‌కి తట్టలేదు. నాలుగేసి లాకులు పెట్టిన మహానుభావులకి తట్టలేదు. రోజంతా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషికి తట్టింది. ఐస్‌క్రీము డబ్బాల్లోనే అన్నం, కూర కలిపి గడ్డ కట్టించింది. గట్టిపడ్డాక డబ్బాని అడుగు వైపు నుంచి కొళాయి కింద ఒక్క క్షణం పెట్టి తిరగేస్తే, గడ్డ గడ్డగా ఊడి పళ్ళెంలో పడింది. దాన్ని వెన్న కాగితంలో మడతపెట్టి, పైన పెన్సిల్‌తో 'పప్పు' అని, 'కోడి' అని రాసి, ఫ్రీజర్ అరలో పుస్తకాల్లా వరసగా నిలబెట్టింది. ముడి లేదు, మూత లేదు. చేత్తో లాగితే కాగితం విడిపోతుంది. వేడి చెయ్యడానికి మాత్రం రెండు చెవులున్న మందపాటి గాజు గిన్నె ఒక్కటి కొంది. జతలో రెండోది పగిలిందని సగం ధరకి ఇచ్చారు. పన్నెండు డబ్బాలు చెయ్యలేని పని ఆ ఒక్క గిన్నె చేసింది. పైన కప్పడానికి మామూలు పింగాణీ పళ్ళెం, బోర్లించి. ఓవెన్‌ని బల్ల మీదికి దింపి, ముందు అదే ఎత్తుకి ఒక చెక్క పెట్టింది. గిన్నె ఎత్తక్కర్లేదు. మడతపెట్టిన తుండు పట్టుకుని ఇటు జరుపుకుంటే చాలు.

మేస్త్రీ వచ్చి చూశాడు. బోర్లించిన పళ్ళేన్ని అరచేత్తో నొక్కాడు. పట్టలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎక్కడా బిగియదు. ఇదేం పని అన్నట్టు మా ఇద్దరి వంకా చీదరగా చూశాడు. వాళ్ళావిడ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ సోమవారమూ పై సోమవారమూ మేము చూస్తుండగా తనే చేసుకుని తిన్నాడు. కానీ సోమవారం ఒక్కరోజు తింటే ఏం లాభం? మిగతా రోజుల్లో ఆకలి వెయ్యకముందే కారియర్ వచ్చేస్తోంది. అక్కడ ఆవిడింట్లో వెనక గది ఖాళీగానే ఉంది. నెలాఖరు ముంచుకొచ్చేసింది.

ఇంక నాలుగు రోజులుందనగా, పదకొండున్నరకి వరండాలో తలుపు దబదబా బాదుతున్న చప్పుడు. కుడుతున్నది వదిలేసి లేచాను. మహాతల్లి కారియర్ పట్టుకుని తలుపు ముందు నిలబడి ఉంది. లోపల గడియ వేసి ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ! తలుపు తియ్యరా! మామ్మగారూ, పలకడం లేదు! పడిపోయాడేమో! ఎప్పుడూ గడియ పెట్టడే!"

నా గుండె కూడా ఝల్లుమంది, అబద్ధం ఎందుకు చెప్పను? వాళ్ళ వంటింటి కిటికీ వరండాలోకే ఉంటుంది, ఊచలతో. ఇద్దరం అక్కడికి పరిగెత్తాం. లోపల మేస్త్రీ ఫ్రీజర్ ముందు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని ఒకసారి చూశాడు. మళ్ళీ ఫ్రీజర్ వైపు తిరిగాడు.

"తలుపు తియ్యి నాన్నా, వేడి వేడి అన్నం తెచ్చాను!"

అతను ఒక గడ్డ బయటికి లాగాడు. అది జారి నేలమీద పడింది. కాగితం విడిపోయి బల్ల కిందికి పోయింది. ఆవిడ కెవ్వుమంది. "వంగకు! పడిపోతావు! మామ్మగారూ, ఎవరినైనా పిలవండి, తలుపు పగలగొట్టండి!"

నేను ఆవిడ రెక్క పట్టుకున్నాను. నా పట్టు కూడా తక్కువేం కాదు. "నోరు మూసుకుని చూడు. ఇన్ని రోజుల్లో నువ్వు చూడంది ఇదొక్కటే" అన్నాను.

మేస్త్రీ కిందపడ్డదాని వంక ఒకసారి చూశాడు. దాన్ని కాలితో గోడ వైపు తోసేసి, ఇంకోటి తీశాడు. దాన్ని పొట్టకి అదిమి పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. కాగితం లాగి గిన్నెలో వేశాడు. పళ్ళెం బోర్లించాడు. అరచెయ్యి ఒక్క క్షణం పళ్ళెం మీద ఆగింది. నొక్కలేదు. గిన్నెని లోపలికి తోసి, ఓవెన్ తలుపు మోచేత్తో మూసి, బొటనవేలితో మీట నొక్కాడు. మధ్యలో ఆపి, కలిపి, మళ్ళీ పెట్టాడు. ఓవెన్ కూత పెట్టాక తుండు పట్టుకుని గిన్నెని కొంచెం కొంచెంగా చెక్క మీదికి జరిపాడు. పళ్ళెం ఎత్తాడు. ఆవిరి వరండాలోకి వచ్చింది, కోడికూర వాసనతో.

కూర్చున్నాడు. తిన్నాడు. గడ్డం మీద పడింది, చొక్కా మీద పడింది. చెంచా రెండుసార్లు జారింది. ఆవిడ ఊచలు పట్టుకుని కళ్ళ నీళ్ళు కారుస్తూ నిలబడింది. చెంచా జారినప్పుడల్లా ఆవిడ కుడిచెయ్యి ఊచల మధ్యకి పోయేది. నేను వెనక్కి లాగేదాన్ని. ముప్పావు గంట పట్టింది. అడుగున మిగిలిన పులుసు కూడా గీకి తిని, చొక్కా చేత్తో మూతి తుడుచుకుని, లేచి వచ్చి గడియ తీశాడు.

ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో కారియర్ నిండుగా బరువుగా వేలాడుతోంది. చల్లారిపోయింది కూడా.

"ఇంకేం రా, నా అవసరం తీరిపోయిందన్నమాట" అంది.

"అక్కా" అన్నాడు మేస్త్రీ. పక్షవాతం వచ్చాక ఆ మాట అతని నోట వినడం నాకు అదే మొదలు. తర్వాత ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆవిడ మాట అందివ్వబోయింది. మోచేత్తో పొడిచాను. నిజం చెప్పొద్దూ, నా నోరూ దురద పెడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ అతని మాటలు సగంలో లాక్కుని పూర్తి చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను మరి. ఇద్దరం నోళ్ళు కట్టుకుని నిలబడ్డాం. కింద కిరాణా కొట్టాయన షట్టరు దించి భోజనానికి వెళ్ళిపోయాడు. అప్పటికి వచ్చింది మాట.

"రేపు... ఇక్కడికే... రా" అన్నాడు. ఎడమచేత్తో కారియర్ వంక చూపించాడు. మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. "ఖాళీ చేతుల్తో... రా."